ఎల్‌ఈడీకి ఎర్ర ఫాస్ఫర్: యూరోపియం కలిపిన కాల్షియం మాలిబ్డేట్ తయారీ

తెల్ల ఎల్‌ఈడీలో వెలుతురుకు కొదవ లేదు, కొరతంతా ఎరుపుకే. 450 నానోమీటర్ల దగ్గర నీలం వెలిగే చిప్ మీద సీరియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్ అనే పసుపు ఫాస్ఫర్ (ఒక రంగు కాంతిని పీల్చి మరో రంగులో వెలిగే పొడి) పూస్తారు. నీలం కొంత నేరుగా బయటికొస్తుంది, కొంత పసుపుగా మారుతుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. కానీ ఆ పసుపు పట్టీ 600 నానోమీటర్లు దాటాక గబగబా వాలిపోతుంది. అందుకే ఆ దీపం కింద ఎర్రని గుడ్డ గోధుమరంగుకు తిరుగుతుంది, మనిషి ముఖం పాలిపోతుంది. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 విలువ సున్నా దగ్గరికి, ఒక్కోసారి సున్నాకన్నా కిందికి పడిపోతుంది. ఈ లోటు పూడ్చడానికే ఎర్ర ఫాస్ఫర్.

అయితే ఎరుపు ఎంత ముదిరితే అంత మంచిదనుకుంటే పొరపాటే. పగటి చూపులో కంటి సున్నితత్వం 555 నానోమీటర్ల దగ్గర 1 అనుకుంటే, 610 దగ్గర 0.503, 630 దగ్గర 0.265, 650 దగ్గర 0.107 మాత్రమే. 650 దాటాక ఫాస్ఫర్ ఇచ్చే కాంతిలో ఎక్కువ భాగం కంటికి ఆనదు, విద్యుత్తు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. దీపాల పనికి 610 నుంచి 635 మధ్య సన్నని ఎరుపు కావాలి.

ఏ చిప్‌కు ఏ ఎరుపు

వాడుకలో ఉన్న ఎర్ర ఫాస్ఫర్లను తయారీ పద్ధతిని బట్టి మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటివి నైట్రైడ్లు. వీటిలో పేరున్నది రెండు ధనావేశాల యూరోపియం కలిపిన కాల్షియం అల్యూమినియం సిలికాన్ నైట్రైడ్. 2006లో వెలుగులోకి వచ్చిన ఈ పదార్థం 650 దగ్గర వెడల్పాటి పట్టీగా వెలుగుతుంది. కాల్షియంలో చాలా భాగం తీసి స్ట్రాన్షియం పెడితే పట్టీ 620 వైపు జరుగుతుంది. నీలం చిప్ కాంతిని చక్కగా పీల్చుకుంటుంది, వేడికీ తట్టుకుంటుంది. కానీ కాల్షియం నైట్రైడ్ గాలిలో తేమ తగిలితే చాలు, అమ్మోనియా వదిలి హైడ్రాక్సైడ్ అయిపోతుంది. కాబట్టి తూకం, నూరడం అన్నీ జడవాయువు నింపిన గ్లవ్ బాక్స్‌లోనే చేయాలి. ఆపైన బోరాన్ నైట్రైడ్ మూసలో పెట్టి, నత్రజని ఒత్తిడిలో 1600 నుంచి 1800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాలి. ఆ కొలిమి లేనివాళ్లు ఈ దారి పట్టకపోవడమే మేలు.

రెండోది మాంగనీస్ కలిపిన పొటాషియం సిలికాన్ ఫ్లోరైడ్. దీని ఉద్గారం, అంటే ఇది వెలువరించే కాంతి, 631 దగ్గర సూదిలాంటి గీతలుగా వస్తుంది. నీలాన్ని బాగా పీల్చుతుంది, కొలిమి కూడా అక్కర్లేదు, ద్రావణంలోనే అవక్షేపమై దిగుతుంది. అయితే ఆ ద్రావణం గాఢ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం. చర్మం మీద పడిన వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి కాల్షియాన్ని లాగేసి ప్రాణం తీయగలదు. ఆ ఆమ్లం కోసమే కట్టిన గది, శిక్షణ పొందిన మనుషులు, చేతికందేలా కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేనిచోట దీన్ని మొదలుపెట్టకూడదు.

మూడోవి మూడు ధనావేశాల యూరోపియం కలిపిన ఆక్సైడ్లు. మామూలు మఫిల్ ఫర్నేస్‌లో (పెట్టెలాంటి కొలిమిలో), గాలిలోనే తయారవుతాయి. అందుకే ఈ వివరణకు వీటిలోంచి కాల్షియం మాలిబ్డేట్‌ను తీసుకున్నాం. దీని ఉద్గారం 616 దగ్గర పడుతుంది. దీని లోపమేమిటో ముందే చెప్పుకోవాలి. యూరోపియం కాంతిని పీల్చేది 395, 465 నానోమీటర్ల దగ్గర ఉన్న సన్నని గీతల్లోనే. 450 చిప్ ఈ రెండింటి నడుమ ఖాళీలో పడుతుంది కాబట్టి ఆ చిప్ మీద ఈ పొడి ఎంత పూసినా లాభం లేదు. దీనికి 395 నానోమీటర్ల చిప్ కావాలి, లేదా 465కి దగ్గరగా ఏరి తీసుకున్న నీలం చిప్.

లెక్క

కాల్షియం మాలిబ్డేట్ స్ఫటికంలో కాల్షియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు ఉంటాయి. ఆ స్థానానికి సౌష్ఠవ కేంద్రం లేదు. అక్కడ కూర్చున్న యూరోపియం 592 దగ్గరి నారింజ గీతకన్నా 616 దగ్గరి ఎర్ర గీతను ఎన్నో రెట్లు బలంగా ఇవ్వడానికి కారణం అదే.

అయితే కాల్షియంది రెండు ఆవేశాలు, యూరోపియంది మూడు. ఒకదాని బదులు ఇంకొకటి ఊరికే పెడితే ఆవేశం సరిపోక స్ఫటికంలో ఖాళీలు పడతాయి, ఆ ఖాళీలే కాంతిని మింగుతాయి. అందుకని రెండు కాల్షియంలు తీసి, ఒక యూరోపియం, ఒక లిథియం పెట్టాలి. రెండూ రెండూ నాలుగు, మూడూ ఒకటీ నాలుగు. లెక్క కుదిరింది.

కింది తూకం 0.05 మోల్ కోసం. ఒక మోల్ కాల్షియంలో 0.15 వంతు యూరోపియం, 0.15 వంతు లిథియం, మిగిలిన 0.70 కాల్షియం:

కాల్షియం కార్బొనేట్: 3.503 గ్రాములు
యూరోపియం ఆక్సైడ్: 1.320 గ్రాములు
లిథియం కార్బొనేట్: 0.277 గ్రాములు
మాలిబ్డినం ట్రైఆక్సైడ్: 7.198 గ్రాములు

మొత్తం 12.298 గ్రాములు. కాలిన తర్వాత కార్బన్ డయాక్సైడ్ రూపంలో 1.705 గ్రాములు పోయి, 10.59 గ్రాముల ఫాస్ఫర్ మిగలాలి. అంటే నష్టం 13.9 శాతం. ఈ అంకె గుర్తుంచుకోండి, కొలిమిలో ఏం జరిగిందో చెప్పే మొదటి సాక్షి ఇదే.

యూరోపియం వంతు మార్చాలంటే ఆ వంతును ఎక్స్ అనుకోండి. 0.05 మోల్‌కు కాల్షియం కార్బొనేట్ 5.0045ను (1 – 2ఎక్స్)తో, యూరోపియం ఆక్సైడ్ 8.798ని ఎక్స్‌తో, లిథియం కార్బొనేట్ 1.847ను ఎక్స్‌తో గుణించాలి. మాలిబ్డినం ట్రైఆక్సైడ్ మారదు. 0.05, 0.10, 0.15, 0.20, 0.25 అని ఐదు నమూనాలు ఒకే రోజు, ఒకే కొలిమిలో కాల్చి పోల్చుకోవడం ఉత్తమం. ఒక అంచు దాటాక యూరోపియం అయాన్లు మరీ దగ్గరై, శక్తిని ఒకదానికొకటి అందించుకుంటూ పోయి చివరికి ఏదో లోపం దగ్గర పోగొట్టుకుంటాయి. ఆ అంచు ఎక్కడుందో మీ పొడి మీదే తేల్చుకోవాలి. మాలిబ్డేట్లలో అది చాలా ఆక్సైడ్లకన్నా దూరంగానే ఉంటుంది.

ముడిపదార్థాలు

కాలిన పొడి మసకగా ఉంటే చాలామంది ముందు ఉష్ణోగ్రతను అనుమానిస్తారు. నిజానికి తప్పు చాలాసార్లు కొలిమికి ముందే, తూకంలోనో కల్వంలోనో జరిగిపోయి ఉంటుంది.

యూరోపియం ఆక్సైడ్ సీసాలో నిలవున్నకొద్దీ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. దాన్ని అలాగే తూస్తే యూరోపియంతో పాటు నీళ్లనూ తూసినట్టే. తూకానికి ముందు 900 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కాల్చి, డెసికేటర్‌లో (తేమ చొరని మూత పాత్రలో) చల్లార్చి వెంటనే తూయాలి. కాల్షియం కార్బొనేట్‌ను, లిథియం కార్బొనేట్‌ను 120 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెడితే చాలు. యూరోపియం ఆక్సైడ్ స్వచ్ఛత 99.99 శాతం ఉండాలి, మిగిలినవి కనీసం 99.9. ఇనుము, కోబాల్ట్, నికెల్ జాడగా ఉన్నా వెలుగును తగ్గిస్తాయి. కాబట్టి స్టీలు గరిటెతో గీకి తీసే అలవాటు ఉంటే మానుకోండి.

అన్నిటికన్నా తక్కువ తూకం లిథియం కార్బొనేట్‌ది. అక్కడ 5 మిల్లీగ్రాములు తప్పితే దాదాపు 2 శాతం తేడా. 0.1 మిల్లీగ్రాము చూపే త్రాసు వాడాలి. పొడిని తూకపు కాగితం మీదినుంచి కల్వంలో వేశాక కాగితాన్ని మళ్లీ తూచి, అంటుకుపోయిన పొడిని లెక్కలోంచి తీసేయాలి.

మాలిబ్డినం ట్రైఆక్సైడ్ దుమ్ము పీల్చకూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బీ వర్గంలో చేర్చింది. తూకం, నూరడం ఫ్యూమ్ హుడ్‌లో, మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ తొడుగులతోనే చేయాలి.

నూరడం

నాలుగు పొడులనూ అగేట్ కల్వంలో వేసి, 10 మిల్లీలీటర్ల ఇథనాల్ పోసి 40 నిమిషాలు నూరండి. ఇథనాల్ ఆవిరై ముద్ద గట్టిపడుతుంటే మరికొంచెం పోయాలి. గోడలకు అంటిన పొడిని ప్లాస్టిక్ గరిటెతో ఐదు నిమిషాలకోసారి మధ్యకు లాగాలి. ఇథనాల్‌కు బదులు నీళ్లు పోయకూడదు. లిథియం కార్బొనేట్ నీళ్లలో కొద్దిగా కరుగుతుంది. ముద్ద ఆరేటప్పుడు నీటితో పాటు అంచులకు పాకి అక్కడ పేరుకుంటుంది. అప్పుడు ఒకచోట లిథియం ఎక్కువ, ఇంకోచోట అసలే లేదు. పైకి చూస్తే పొడి అంతా ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ తప్పు కంటికి దొరకదు.

నూరిన ముద్దను 80 డిగ్రీల దగ్గర రెండు గంటలు బాగా ఆరబెట్టాలి. ఇథనాల్ మిగిలితే కొలిమిలో అది మాలిబ్డినాన్ని క్షయకరణం చేస్తుంది, పొడి బూడిదరంగుకో నీలిఛాయకో తిరుగుతుంది.

కాల్చడం

ఇక్కడ పట్టు విడవకూడని సంగతి ఒకటే: మాలిబ్డినం ట్రైఆక్సైడ్ 795 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే ఆవిరవడం మొదలుపెడుతుంది. దాన్ని కాల్షియంతో కట్టిపడేయకుండా నేరుగా 800కు ఎక్కిస్తే కొంత మూత దాటి పోతుంది. కనుక రెండు విడతల్లో కాల్చాలి.

అల్యూమినా మూసను మూతతో సహా తూచి, పొడి వేశాక మళ్లీ తూయండి. పొడి మూసలో మూడింట రెండు వంతులకు మించకూడదు. అదిమి నింపకుండా, బల్లమీద మూసను నెమ్మదిగా తట్టి సర్దితే చాలు. మూతను కొద్దిగా వారగా పెట్టాలి, గాలి ఆడాలి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి.

మొదటి విడతలో నిమిషానికి 3 డిగ్రీల చొప్పున 500 డిగ్రీలకు ఎక్కించి నాలుగు గంటలు ఉంచండి. తొందరపడి నిమిషానికి 10 డిగ్రీలు పెడితే వాయువు ఒక్కసారిగా తన్నుకొచ్చి పొడిని మూతకు చిమ్ముతుంది. చల్లారాక తీసి, పొడిగానే 15 నిమిషాలు మళ్లీ నూరండి. మొదటి విడతలో గింజల చుట్టూ మాలిబ్డేట్ పొర ఏర్పడి ఉంటుంది. దాన్ని పగలగొట్టకపోతే లోపలి కార్బొనేట్‌కు రెండో విడతలోనూ మాలిబ్డినం అందదు.

రెండో విడతలో నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 800 డిగ్రీలకు తీసుకెళ్లి ఆరు గంటలు ఉంచి, కొలిమి తనంతట తాను చల్లారేదాకా వదిలేయండి. లిథియం ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఆవేశం సరిచేయడం ఒకటి, గింజలు పెరగడానికి ద్రవకారిగా సాయపడడం ఇంకోటి. అందుకే వేరే ద్రవకారి అక్కర్లేదు. అందుకే 900కు పోకూడదు కూడా, పొడి రాయిలా గట్టిపడి మూసకు అతుక్కుంటుంది. దాన్ని విడదీయడానికి సుత్తి వాడాల్సి వస్తే వెలుగు సగం అక్కడే పోయిందనుకోవాలి. గింజలను బలవంతంగా పగలగొడితే ఉపరితలాల మీద లోపాలు పుట్టి కాంతిని మింగేస్తాయి.

ఇప్పుడు తూకం చూడండి. మూసలో 12.00 గ్రాములు వేసి ఉంటే 10.34 గ్రాములు మిగలాలి. అంతకన్నా ఎక్కువ మిగిలితే కార్బొనేట్ పూర్తిగా కాలలేదు, మళ్లీ నూరి ఇంకో నాలుగు గంటలు 800 దగ్గర ఉంచాలి. తక్కువ మిగిలితే రెండు కారణాలుంటాయి: పొడి సరిగా ఆరలేదు, లేదా మాలిబ్డినం పోయింది. మూత లోపలివైపు సన్నని మెరిసే పలకలో సూదులో కనిపిస్తే రెండోదే. ఆ నష్టాన్ని ఊహించి ముందే ఎక్కువ మాలిబ్డినం వేసే అలవాటు కొందరికి ఉంది. రెండు విడతలూ పద్ధతిగా చేస్తే అది అనవసరం, పైగా మిగులు మాలిబ్డినం లిథియంతో కలిసి వేరే పదార్థం కట్టుకుంటుంది.

కాలిన పొడి పగటి వెలుతురులో తెల్లగా ఉండాలి. బూడిదరంగు ఉంటే పారేయనక్కర్లేదు. పలచగా పరిచి, మూత లేకుండా 600 డిగ్రీల దగ్గర గాలిలో మూడు గంటలు ఉంచితే మాలిబ్డినం మళ్లీ ఆక్సీకరణమై చాలావరకు తెల్లబడుతుంది.

కడగడం, జల్లించడం

కల్వంలో మెల్లగా చిదిమి, 50 మిల్లీలీటర్ల గోరువెచ్చని డీఅయొనైజ్డ్ నీళ్లలో వేసి పది నిమిషాలు కలిపి వడకట్టండి. రెండుసార్లు చాలు. ఎక్కడైనా మిగిలిన లిథియం మాలిబ్డేట్ నీళ్లలో కరిగిపోతుంది, కాల్షియం మాలిబ్డేట్ కరగదు. 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి 400 మెష్ జల్లెడలో జల్లిస్తే దాదాపు 37 మైక్రాన్లకన్నా పెద్ద ముక్కలు పైన నిలిచిపోతాయి. చిప్ మీద పూయడానికి 5 నుంచి 15 మైక్రాన్ల గింజలు అనువుగా ఉంటాయి.

సరైనది వచ్చిందా?

ముందు ఎక్స్‌రే వివర్తనం, అంటే స్ఫటికం ఎక్స్‌రేలను ఏ కోణాల్లో మళ్లిస్తుందో చూడడం. రాగి కె–ఆల్ఫా కిరణంతో కాల్షియం మాలిబ్డేట్ ముఖ్య శిఖరం 2థీటా 28.8 డిగ్రీల దగ్గర వస్తుంది. యూరోపియం, లిథియం అయాన్లు రెండూ కాల్షియంకన్నా చిన్నవి కాబట్టి కలిపే వంతు పెరిగేకొద్దీ శిఖరం కాస్త పెద్ద కోణం వైపు జరగాలి. జరగకపోతే యూరోపియం స్ఫటికంలోకి వెళ్లలేదేమోనని అనుమానించాలి. 12.8, 23.3, 25.7, 27.3 దగ్గర శిఖరాలుంటే అవి మిగిలిపోయిన మాలిబ్డినం ట్రైఆక్సైడ్‌వి.

తర్వాత టార్చ్. అందరి దగ్గరా ఉండేది 365 నానోమీటర్లది, ఈ పొడికి మాత్రం 395 కావాలి. 365 కింద పొడి మసకగా కనిపించి, పని చెడిందన్న భ్రమ కలిగిస్తుంది. పొడిని తెల్లకాగితం మీద పోసి చూడకండి. కాగితంలో కలిపే తెలుపు రసాయనాలు నీలంగా వెలిగి ఎరుపును గులాబీరంగు చేస్తాయి. నల్లటి పలక మీద చూడాలి, అతినీలలోహిత కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి.

స్పెక్ట్రోఫ్లోరిమీటర్‌లో 616 మీద నిలిపి ఉత్తేజ వర్ణపటం (ఏ కాంతి పడితే ఎంత వెలుగుతుందో చూపే గీత) తీస్తే 395, 465 గీతలు, వాటికి ఎడమవైపు వెడల్పాటి ఆవేశ బదిలీ పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీ మీద సరిగ్గా 308 దగ్గర సూదిలాంటి శిఖరం వస్తే సంబరపడొద్దు, అది యంత్రం చూపించే రెండో క్రమపు చెదురు కాంతి. 308కి రెట్టింపు 616 కదా. ఉద్గార మార్గంలో 420 నానోమీటర్ల లాంగ్‌పాస్ ఫిల్టర్ పెడితే మాయమవుతుంది. నమూనాలను పోల్చేటప్పుడు చీలిక వెడల్పు, పొడి మందం, పాత్ర స్థానం ఏవీ మారకూడదు. పొడి వదులుగా ఉన్నదానికీ అదిమినదానికీ మధ్యే పెద్ద తేడా వస్తుంది.

ఉద్గార వర్ణపటంలో 616 శిఖరాన్ని 592తో భాగించి రాసుకోండి. కొత్త బ్యాచ్‌లో ఆ నిష్పత్తి పడిపోతే యూరోపియం కొంత వేరే స్థానంలో, వేరే పదార్థంలో ఉందని అర్థం. చివరిగా పొడిని వేడిచేస్తూ 25 నుంచి 150 డిగ్రీల దాకా కొలవాలి. వెలుగుతున్న చిప్ పైన పొడి చల్లగా ఉండదు. గది ఉష్ణోగ్రత దగ్గర బాగా వెలిగి 150 దగ్గర కుంగిపోయే పొడి దీపానికి పనికిరాదు. నైట్రైడ్లు ఇంత కష్టపెట్టినా వాటిని వదలకపోవడానికి ఒక కారణం ఈ పరీక్షలో అవి నెగ్గడమే.

చిప్ మీద పూయడం

రెండు భాగాల ఆప్టికల్ సిలికోన్ తీసుకోండి, ఎపాక్సీ వద్దు. 395 కాంతికి ఎపాక్సీ పసుపెక్కుతుంది. సిలికోన్ రెండు భాగాలూ తయారీదారు చెప్పిన నిష్పత్తిలో కలిపి 1.0 గ్రాము చేసుకుని, దానికి 0.5 గ్రాము పొడి కలపండి. యూరోపియం గీతలు బలహీనంగా పీల్చుతాయి కాబట్టి పసుపు ఫాస్ఫర్‌కు అలవాటైన పలచని మోతాదు ఇక్కడ చాలదు. గాలి బుడగలు పోయేలా నిర్వాతంలో 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, చిప్ కప్పులో చుక్క వేసి వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. 100 డిగ్రీల దగ్గర ఒక గంట, 150 దగ్గర రెండు గంటలు. పొడి సాంద్రత సిలికోన్‌కు నాలుగు రెట్లు. బల్లమీద ఆలస్యమైతే గింజలు అడుగుకు దిగి, మొదటి చిప్ ఒక రంగు, ఇరవయ్యో చిప్ ఇంకో రంగు వస్తాయి. పని ఎక్కువైతే 1 శాతం లోపు ఫ్యూమ్డ్ సిలికా కలిపి చిక్కబరచవచ్చు.

గంటలు గడిచినా సిలికోన్ జిగురుగానే ఉంటే ఓవెన్‌ను తప్పుపట్టకండి. ఈ సిలికోన్‌ను గట్టిపరిచేది ప్లాటినం ఉత్ప్రేరకం, గంధకం, అమీన్లు, తగరం దాన్ని చంపేస్తాయి. సాధారణంగా దోషి చేతికి వేసుకున్న సహజ రబ్బరు తొడుగు. నైట్రైల్ తొడుగులకు మారి, కలిపే పాత్రను కూడా మార్చి మళ్లీ చేయండి.

మొదట 20 మిల్లీయాంపియర్లతో వెలిగించి, ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఎరుపును కొలవండి. యూరోపియం ఉత్తేజిత స్థితిలో మిల్లీసెకను స్థాయిలో నిలుస్తుంది. కాంతి మరీ గట్టిగా పడితే అయాన్లు కిందికి దిగేలోపే తర్వాతి ఫోటాన్ వచ్చిపడుతుంది, పీల్చే అయాను ఖాళీగా ఉండదు. ప్రవాహం పెరిగినంతగా ఎరుపు పెరగకపోతే కారణం వేడి కావచ్చు, ఈ సంతృప్తత కావచ్చు. అదే సగటు ప్రవాహాన్ని ఒకసారి నిలకడగా, ఇంకోసారి మైక్రోసెకన్ల పల్స్‌లుగా ఇచ్చి చూస్తే తేడా దొరకదు, ఎందుకంటే అయాను సగటునే చూస్తుంది. చిప్ అడుగున ఉష్ణోగ్రతను స్థిరంగా పట్టి ఉంచి ప్రవాహం ఒక్కదాన్నే పెంచినప్పుడు కూడా ఎరుపు వెనకబడితే సంతృప్తతను అనుమానించాలి. అప్పుడు పొడిని చిప్‌కు ఆనించకుండా కొంచెం ఎత్తులో, వెడల్పాటి పలకగా అమర్చాలి.